ఏ గడప తొక్కాలి?

మనసు చెదిరినప్పుడు ఎవరి దగ్గరికి వెళ్ళాలన్నది కేవలం వైద్యానికి సంబంధించిన ప్రశ్న అనుకుంటారు. అది నీతికి సంబంధించిన ప్రశ్న కూడా అని నేననుకుంటాను.

1945లో పారిస్‌లో చేసిన ఒక ప్రసంగంలో సార్త్ర్ తన విద్యార్థి సంగతి చెప్పాడు. జర్మన్ ఆక్రమణ కాలంలో తల్లిని కనిపెట్టుకుని ఉండాలా, ఇంగ్లండు వెళ్ళి స్వేచ్ఛా ఫ్రెంచి సైన్యంలో చేరాలా అని ఆ కుర్రవాడు తేల్చుకోలేకపోయాడు. సలహాదారుణ్ణి ఎన్నుకున్నవాడు సలహాను కూడా ఎన్నుకున్నట్టే అంటాడు సార్త్ర్. పాద్రీని అడగబోయేవాడికి పాద్రీ ఏమంటాడో కొంత ముందే తెలుసు. ఏ పాద్రీని అడగాలన్నదీ అతని నిర్ణయమే.

ఇందులో నిజముంది. అయితే నాలుగు గడపలు కళ్ళ ముందున్న వాడికే ఈ నిజం వర్తిస్తుంది. నెల్లూరు తీరాన మైపాడు, ఇసకపల్లి వంటి ఊళ్ళలో ఒక మనిషి నిద్ర మాని, తనలో తాను మాట్లాడుకోవటం మొదలుపెడితే ఇంట్లోవాళ్ళకు ముందు తోచేది కసుమూరు దర్గా, లేదా అనుమసముద్రంపేట దర్గా. హిందువులూ వెళతారు, ముస్లిములూ వెళతారు. అక్కడ చీటీ రాయించుకోనక్కరలేదు, పరువు పోతుందన్న భయం లేదు. దీన్ని మనం ఎంపిక అనవచ్చునా? ఉన్న ఒక్క తలుపు తట్టటాన్ని స్వేచ్ఛ అనటం తప్పు.

మూఢనమ్మకమని తీసిపారెయ్యటం మనకు సులభం. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో, దర్గా చుట్టూ వెలిసిన ప్రైవేటు ఆశ్రయాల్లో ఒకటి తగలబడి, గొలుసులతో కట్టి ఉన్న రోగులు 28 మంది చనిపోయారు. దాన్ని మరిచిపోకూడదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. కాని అదే తమిళనాడులో ఒక గుడిలో ఉన్న 31 మంది రోగులను పరిశీలించిన వైద్యులు, వారి రోగలక్షణాలు దాదాపు 20 శాతం తగ్గాయని 2002లో ఒక ప్రముఖ బ్రిటిష్ వైద్యపత్రికలో రాశారు. అక్కడ ప్రత్యేకమైన క్రతువులు లేవు. బెదిరింపు లేని చోటు, తోడుగా నిలిచిన బంధువులు ఉన్నారు. అంటే మేలు చేసిందీ మనుషులే, గొలుసు వేసిందీ మనుషులే. అయితే ఆదరణ మందుకు బదులు కాదు. తీవ్రమైన మతిభ్రమణకు మందు కావలసిందే. గుజరాత్‌లోని మీరా దాతార్ దర్గాలో 2008 నుంచి దువాతో పాటు దవా కూడా ఇచ్చే ఏర్పాటు జరిగింది. రెంటిలో ఒకటే అనే పంతం రోగికి అక్కరలేదు.

ఇక మనవాళ్ళ పంతం వేరు. 1994-95లో తెల్లమచ్చ తెగులు వచ్చి ఈ తీరాన రొయ్యల చెరువులు దెబ్బతిన్నాయి. అప్పులపాలై నిద్రపట్టని రైతుతో ఒక కౌన్సెలర్ "నీ ఆలోచనాధోరణి మార్చుకో" అంటే అది అన్యాయం. మనలో కొందరు "వ్యవస్థ మారితే నీ రోగం పోతుంది" అంటారు. అదీ అన్యాయమే. ఆ రాత్రి అతన్ని ఒంటరిగా వదిలెయ్యటంలో ఇద్దరికీ తేడా లేదు.

ఈ జిల్లాలోనే దూబగుంట స్త్రీలు 1992లో ఒక సంగతి రుజువు చేశారు. భర్తల తాగుడికి వాళ్ళు ఇంటింటా వేరువేరు సలహాలు వెతకలేదు, సారా అమ్మకాన్నే ఆపించారు. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. అది సరైన చికిత్స. కాని ఏళ్ళ తరబడి తాగినవాడు ఒక్కసారి మానితే చేతులు వణుకుతాయి, మూర్ఛలు రావచ్చు, ప్రాణానికే ముప్పు. అతనికి డాక్టరు కావాలి. దుకాణం మూయించటం డాక్టరు పని కాదు, వణుకు ఆపటం ఉద్యమం పని కాదు.

కనక ఏ చికిత్స ఎవరిదో తెలుసుకోవటం అవసరం. సైకియాట్రిస్టు వైద్యం చదివినవాడు, మందు రాయగలడు. క్లినికల్ సైకాలజిస్టు 1992 చట్టం కింద ఏర్పడిన పునరావాస మండలిలో నమోదై, మాటల ద్వారా చికిత్స చేస్తాడు. కౌన్సెలర్ అన్న బోర్డు చూసి చదువెంతో చెప్పలేం, అడగాలి. ఎక్కడికి పోవాలో తోచనివారు 2022లో మొదలైన టెలిమానస్‌కు, 14416 నంబరుకు, ఖర్చు లేకుండా ఫోను చెయ్యవచ్చు.

ఎవరి దగ్గరికి వెళ్ళినా మూడు ప్రశ్నలు వెయ్యాలంటాను. నా బాధకు కారణమేమిటనుకుంటున్నారు? మీ చికిత్స పనిచెయ్యకపోతే ఎన్నాళ్ళలో తెలుస్తుంది? అప్పుడు నన్నెవరి దగ్గరికి పంపుతారు? ఈ ప్రశ్నలకు కోపం తెచ్చుకునేవాడు డిగ్రీ ఉన్నా, తాయెత్తు కట్టినా, ఎర్రజెండా పట్టినా ఒకటే. రోగి స్వేచ్ఛ అతనికి గిట్టదు.

మరి అడిగే శక్తే లేనంతగా చెదిరినవాడి మాటేమిటి? అప్పుడు పక్కన కూర్చుని అతని తరఫున అడగటం మన పని. ఆ ప్రశ్న వెయ్యటానికి రెండో గడప ఊరి దగ్గర్లో ఉండేట్టు పోరాడటమూ మన పనే.