గాజు తొట్టెలో తాబేలు: ప్రేమా, బంధనమా?



ఈ మధ్య వేంసూరు మండలంలో ఒక ఉపాసకుల ఇంటికి వెళ్లాను. ముందు గదిలో గాజు తొట్టె ఉంది. అందులో నాలుగు బంగారు చేపలు, చెవి దగ్గర ఎర్ర చార ఉన్న పచ్చ తాబేలు ఒకటి. "కొన్నప్పుడు రూపాయి బిళ్లంత ఉండేదండీ. చేపలు ఏడు ఉండేవి" అన్నాడు ఆ ఇంటి పదేళ్ల పిల్లాడు. మిగిలిన మూడూ ఏమయ్యాయో వాడికి తెలుసు. ఉన్నవాటిలో ఒకదానికి తోక సగమే ఉంది. తాబేలు కళ్లు ఉబ్బి మూసుకుపోయాయి. నాయనమ్మ నెమ్మదిగా అడిగింది: "బాబూ, దీన్ని ఊరి చెరువులో వదిలేస్తే పుణ్యం వస్తుందా?"

"వదిలేయండమ్మా" అని నోటిదాకా వచ్చింది. కానీ ఆగాను. ఎందుకు ఆగానో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

తాబేలు చేపను తినడం పాపమా? కాదు, అది దాని స్వభావం. కానీ చెరువులో చేపకు పారిపోయే చోటుంది. నాచు ఉంది, బురద ఉంది, లోతు ఉంది. నాలుగు గాజు గోడల మధ్య ఎక్కడికి పోతుంది? ఆ రెంటినీ ఒక్కచోట పెట్టింది మనం. "తెలియక పెట్టామండీ" అంటారు. నిజమే. చేతననే, అంటే సంకల్పాన్నే కమ్మం అన్నాడు తథాగతుడు. తెలియక చేసింది వేరు. కానీ తెలిసిన రోజు నుంచి కూడా అలాగే ఉంచితే, అది మన సంకల్పం కాదని ఎలా అంటాం? అదే పమాదం, ఏమరుపాటు.

ఉదానంలో ఒక సంఘటన ఉంది. సావత్థికీ జేతవనానికీ మధ్య కొందరు పిల్లలు చేపల్ని పట్టి బాధపెడుతున్నారు. భగవానుడు వాళ్లను కోప్పడలేదు. దుఃఖమంటే మీకు భయమేనా, అది మీకు ఇష్టం లేదు కదా అని అడిగాడు. అవునన్నారు పిల్లలు. అలాగైతే చాటుగా గానీ బాహాటంగా గానీ చెడు చేయవద్దన్నాడు. పంచశీలలో మొదటి శీలానికి వేరు ఇక్కడుంది. మన నొప్పి నుంచే ఎదుటి ప్రాణి నొప్పి తెలుసుకోవాలి.

మరి తాబేలు నొప్పి మనకు తెలుసా? దాని చిప్ప పైన వేసుకున్న పెట్టె కాదు. వెన్నెముక, పక్కటెముకలు కలిసిపోయి తయారైనది. తాకితే దానికి తెలుస్తుంది. అది రోజూ నీళ్లలోంచి పైకెక్కి ఒళ్లు ఆరబెట్టుకోవాలి, నేరుగా ఎండ తగలాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే వెలుతురు చాలదు. ఎండ లేకపోతే చిప్ప మెత్తబడుతుంది. సరైన తిండి లేక విటమిన్ ఏ తగ్గినా, నీళ్లు మురికైనా కళ్లు ఉబ్బుతాయి. చేపల కంటే తాబేలు విసర్జించేది చాలా ఎక్కువ, ఆ నీళ్లలోని అమ్మోనియా చేపలకు విషం. అంటే ఆ తొట్టెలో దెబ్బ తింటున్నది చేపలొక్కటే కాదు, రెండూనూ.

కొందరు ఇంట్లో తాబేలుంటే లక్ష్మి వస్తుందని, వాస్తుకు మంచిదని కొంటున్నారు. మిత్రులారా, దీఘనికాయంలోని తొలి సుత్తం బ్రహ్మజాల సుత్తం. భిక్షువు బతుకుతెరువుగా చేయకూడని హీన విద్యల జాబితాలో తాబేలు లక్షణాలు చూసి జోస్యం చెప్పడం కూడా అందులో ఉంది! రెండున్నర వేల ఏళ్ల కిందటే కాదన్న దాన్ని ఈ రోజు డబ్బిచ్చి ఇంటికి తెచ్చుకుంటున్నాం. ఉపాసకుడు చేయకూడని ఐదు వ్యాపారాల్లో ప్రాణుల వ్యాపారం ఒకటి. కొనేవాడు ఉంటేనే కదా అమ్మేవాడు ఉండేది?

అశోకుడు పట్టాభిషేకమైన ఇరవై ఆరేళ్లకు వేయించిన ఐదో స్తంభ శాసనంలో, చంపకూడని ప్రాణుల్లో తాబేలును కూడా చేర్చాడు. మన ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో ప్రాచీన స్తూపం ఉంది. ధమ్మం ఈ నేలకు కొత్తది కాదు. మరిచిపోయింది మనమే.

ఇక నాయనమ్మ ప్రశ్న. ఆ ఎర్ర చార తాబేలు మన దేశానిది కాదు. అమెరికాలో మిసిసిపీ నది ప్రాంతానిది. పెరిగితే అడుగు దాకా అవుతుంది. చెరువులో వదిలితే మన తాబేళ్ల తిండి, ఎండ కాచుకునే చోటు లాక్కుంటుంది, రోగాలూ అంటించవచ్చు. ఒక ప్రాణిని విడిపించి వంద ప్రాణుల్ని ఇబ్బంది పెట్టడం పుణ్యం కాదమ్మా అని చెప్పాను. దాన్ని దగ్గరే ఉంచుకుని బాగా చూసుకోవడమే ఇప్పుడు మైత్రి. అది ఇరవై, ముప్పై ఏళ్లు బతకొచ్చు. పిల్లాడి పెళ్లి కూడా చూస్తుంది!

మన చెరువుల్లో, వరి పొలాల్లో దొరికే మెత్తటి చిప్ప తాబేలు, వీపు మీద చుక్కల గీతలుండే నక్షత్ర తాబేలు సంగతి వేరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని పట్టడం, పెంచడం, అమ్మడం నేరం. నక్షత్ర తాబేలు నేల మీద బతికేది, లోతు నీళ్లలో వేస్తే మునిగి చస్తుంది. అలాంటివి మీ దగ్గరుంటే అటవీ శాఖ వారికి అప్పగించండి.

మీ ఇంట్లో ఎర్ర చార తాబేలు ఉంటే ఈ రోజే చేపల్ని వేరు చేయండి. వెడల్పాటి తొట్టి పెట్టండి. ఎక్కి కూర్చోవడానికి ఒక రాయి, పొద్దున పూట ఎండ, పక్కనే నీడ ఉండాలి. నీళ్లు తరచూ మార్చండి. జబ్బు చేస్తే పశువైద్యుడికి చూపించండి. ముట్టుకున్నాక పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి, తాబేళ్ల వల్ల సాల్మొనెల్లా సోకుతుంది. ఇంకొకటి మాత్రం కొనకండి.

ఆ ఇంట్లో చేపల్ని వేరు చేశారు. తాబేలుకు ఒక కన్ను తెరుచుకుందట, రెండోది ఇంకా లేదు. పిల్లాడు రోజూ బడికి పోయేముందు తొట్టిని ఎండలోకి జరుపుతున్నాడు.

మహాసముద్రంలో గుడ్డి తాబేలు నూరేళ్లకొకసారి పైకి వస్తుంది. నీటి మీద తేలే కాడి రంధ్రంలో దాని మెడ దూరడమే అరుదు. మనిషి జన్మ దొరకడం అంతకంటే అరుదు అన్నాడు భగవానుడు. మన జన్మ విలువ చెప్పడానికి ఆయన పోలిక తెచ్చింది తాబేలునే. దొరికిన ఈ జన్మలో ఆ చిన్న ప్రాణికి కాస్త ఎండ ఇద్దాం.

సాధు, సాధు, సాధు.