మే నెలలో ఇల్లు చూపించడం

సూరత్ పాత నగరం నుంచి తపతి వంతెన దాటితే అడాజన్. అక్కడ ఏప్రిల్, మే నెలల్లో ఫ్లాటు అమ్మకానికి పెట్టినవారికి మధ్యాహ్నం మూడు గంటలే గడ్డు సమయం. చెమటలు కక్కుతూ వచ్చిన కుటుంబం గదుల కొలతల కన్నా ముందు గాలి ఆడుతోందా లేదా అనే చూస్తుంది.

అరేబియా సముద్రం దగ్గరే కాబట్టి సూరత్ ఎండకు ఉక్కపోత తోడవుతుంది. నీళ్లు పోసే కూలర్ ఆ ఉక్కను ఇంకా పెంచుతుంది. ఫ్యానూ ఏసీయే మేలు. 2020 జనవరి నుంచి మన దేశంలో గది ఏసీలు 24 డిగ్రీల సెట్టింగుతోనే వస్తున్నాయి. అంత చల్లదనం చాలు, అరగంట ముందు వేస్తే సరి. తెల్లవారుజామున ఎదురెదురు కిటికీలు తెరిస్తే గోడల్లో నిలిచిన వేడి పోతుంది. ఎండెక్కాక పడమటి కిటికీలకు లేత రంగు మందపు తెరలు దించాలి.

పై అంతస్తయితే ఎండను తిప్పికొట్టేలా డాబాకు తెల్లపూత వేయించాలి. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఈ సూత్రం మీదే.

వచ్చినవారికి ముందు కుర్చీ, చల్లని మజ్జిగ. పడమటి గది వేడెక్కుతుందని దాచకుండా చెప్పి, సాయంత్రం మరోసారి రమ్మనాలి. అప్పటికి సముద్రపు గాలి బాల్కనీ దాకా వస్తుంది.