సంశయము – మహావిశ్వాసము

ప్రకాశం జిల్లాలోని చీమకుర్తి నల్లరాతికి పేరుపొందిన ఊరు. ఆ గనులనుండి తీసిన రాయి ఓడలకెక్కి దేశాంతరములకు పోవుచున్నది. ఏ రాయి ఏ రేవున దిగినదో వర్తకునికి తెలియును. ఏలయన దానివెంట కాగితములు నడచును, దింపుకొన్నవాడు సంతకము చేయును. ఆ ఊరివాడే యొకడు ఒంగోలు మీదుగా కొత్తపట్నము తీరమునకు పోయి, గాజుసీసాలో చీటీ యుంచి, బిరడా బిగించి, సముద్రమున విడిచెననుకొందము. అది బర్మా చేరునని ఒకరు, తెల్లవారుసరికి అదే యిసుకపై పడియుండునని మఱియొకరు వాదింపవచ్చును. ఎవరి మాట నమ్మదగినది? ఇది వినుటకు పిల్లల ముచ్చటవలె నుండును గాని, భక్తులు తఱచు తడబడు విషయమొకటి ఇందు దాగియున్నది.

సందేహించువానిని అవిశ్వాసి యని త్రోసివేయుట మన శాస్త్రమర్యాద కాదు. గౌతమమహర్షి న్యాయసూత్రములలో పదునాఱు పదార్థములను పరిగణించి, ప్రమాణ ప్రమేయముల వెంటనే మూడవదిగా సంశయమును నిలిపెను. బొత్తిగా తెలియనిదానియందును, నిశ్చయముగా తెలిసినదానియందును న్యాయమునకు పని లేదు. సందేహమున్నచోటనే విచారమునకు తావని వాత్స్యాయన భాష్యము. కావున సీసా ఎంతదూరము పోగలదని శంకించువాడు తప్పుచేయుటలేదు. ప్రమాణము వెదకక, సందేహముతోనే కాలము పుచ్చినచో మాత్రము అది సోమరితనము.

మన తూర్పుతీరపు ప్రవాహము ఏడాదిలో రెండు దిక్కుల నడచును. మాఘ ఫాల్గుణముల నుండి వైశాఖము వఱకు ఉత్తరముగా వంగదేశము వైపు సాగును. ఈశాన్య ఋతుపవనముల కాలమున దక్షిణముగా మఱలును. ఉగాదినాడు విడిచిన సీసా విశాఖవైపు, కార్తికమున విడిచినది నెల్లూరువైపు మొగ్గును. గాలి, అల, తుపాను ఎవరి వాటా వారు లాగుకొందురు.

1886 జూన్ 12వ తేదీన పౌలా అను జర్మను ఓడనుండి హిందూమహాసముద్రమున విడిచిన సీసా యొకటి 2018 జనవరిలో పశ్చిమ ఆస్ట్రేలియా తీరమున దొరికెను. నూటముప్పదియొక సంవత్సరములు! వినగానే అది లోకమంతయు చుట్టివచ్చియుండునని మనసు పరుగులిడును. పరీక్షించినవారు చెప్పినది వేఱు. విడిచినచోటు ఆ తీరమునకు సుమారు 950 కిలోమీటర్లు. ఏడాది లోపలనే ఒడ్డు చేరి, తక్కిన కాలమంతయు ఇసుకక్రింద పడియుండవచ్చునట. కాలము దీర్ఘమైనంతమాత్రమున దూరము దీర్ఘము కానక్కఱలేదు. ఇంకను గమనింపదగినది: ఆ చీటీ నిజమైనదని తేల్చినది చీటీ కాదు. అదే తేదీన సీసా విడిచినట్లు ఓడనాయకుడు తన దినచర్యలో వ్రాసికొన్న మాట దానికి సాక్ష్యమైనది. పంపినచోట గుర్తు నిలిచినది గనుక చేరినచోట నిర్ణయము కుదిరెను. 1914లో గ్లాస్గో నావికావిద్యాలయమువారు ప్రవాహములు తెలిసికొనుటకై 1,890 సీసాలు విడిచిరి. 2012లో వానిలో ఒకటి దొరకునప్పటికి మొత్తము చేతికి వచ్చినవి 315 మాత్రమే.

మన తీరమునకును ఇట్టి అతిథి వచ్చెను. 2022 మే నెలలో, అసాని తుపాను సమయమున, శ్రీకాకుళం జిల్లా సున్నాపల్లి తీరమునకు బంగారురంగు రథమువంటిది కొట్టుకొనివచ్చెను. మత్స్యకారులు త్రాళ్లతో దానిని ఒడ్డునకు లాగిరి. జనము తండోపతండములుగా కూడిరి. దానిమీది పరదేశలిపిని చూచి, మయన్మారు వంటి తూర్పుదేశమునుండి తేలివచ్చియుండునని అధికారులు ఊహించిరి. రథాకారమును చూచి నమస్కరించిన చేతులలో దోషము లేదు. ఫలానా దేవుడే పంపినాడని చాటు నోటిలో మాత్రము దోషము కలదు. అది తేలివచ్చిన వస్తువు. వస్తువు నడకకు గాలి, నీరు, కాలము అను లెక్క యున్నది. ఆ లెక్కను విడిచిపెట్టుట భక్తి యనిపించుకొనదు.

మహాభారతము అరణ్యపర్వమున కుంతి పసికందును పెట్టెలో నుంచి, సందులకు మైనము పూసి, అశ్వనదిలో విడిచెను. అశ్వనదినుండి చర్మణ్వతికి, అందుండి యమునకు, యమునవెంట గంగకు, గంగవెంట చంపాపురమునకు ఆ పెట్టె చేరెనని వ్యాసభగవానుడు నదుల పేర్లు వరుసగా చెప్పెను. నీరు పల్లమునకే పోవును గనుక అది నమ్మదగిన దారి. ఆ పెట్టెలోని లేఖ సహజ కవచకుండలములే. బిడ్డ అంగదేశమున పెరుగుచున్నాడని కుంతి చారులవలన తెలిసికొనెను కూడ. పెట్టె చేరినది, చేరినట్లు పంపినవారికి తెలిసినది. అయినను యుద్ధము ముంగిటికి వచ్చువఱకు ఆ తల్లి కుమారునితో పెదవి విప్పలేదు. చేరుట వేఱు, పలుకుట వేఱు.

ఇక మన యిండ్ల సంగతి. హుండీలో కానుకతోపాటు చీటీ వ్రాసి వేయు అలవాటు కొందఱికి కలదు. బిడ్డకు పెండ్లి కావలెననియో, రోగము నెమ్మదింపవలెననియో, పంట చేతికి రావలెననియో. అదియు ఒక విధముగా సీసాలోని చీటీయే. వేసినవారికి రసీదు రాదు. 2021లో గుంటూరు, ప్రకాశం జిల్లాల మిరపచేలకు తామరపురుగు సోకి పూత మాడిపోయినది. అట్టి యేట చీటీ వేసి, పైరు దున్నివేసికొన్న రైతు “నా మాట స్వామికి అందలేదు” అనినచో అతనికి ఏమి చెప్పవలెను?

“నీ విశ్వాసము చాలలేదు” అని చెప్పువారు కలరు. ఇది మిక్కిలి క్రూరమైన మాట, శాస్త్రసమ్మతమును కాదు. పోతనామాత్యుని భాగవతము ఎఱిగిన ఇంట గజేంద్రుని మొఱ తెలియనివారుండరు. త్రికూటపర్వతపు మడుగులో మకరికి చిక్కి, బలమంతయు ఉడిగి, ఆ గజరాజు పిలుచుచునే సందేహించెను. దీనుల పాలిట ఉన్నాడని చెప్పబడువాడు నిజముగా ఉన్నాడో లేడో యని అనెను. ఆ సందేహము మొఱకు వెలుపల లేదు, మొఱలోనే యున్నది. వైకుంఠమెంత దూరమని అడిగినవానికి “ఏనుగు మొఱ వినబడునంత దూరము” అని బదులు చెప్పినట్లు హరికథకులు చెప్పు చమత్కారమొకటి కలదు. నవ్వుకొనదగినదే యైనను సిద్ధాంతము అందే యున్నది. సీసాకు నీరు దాటవలసియున్నది. మొఱకు దాటవలసినది లేదు. నీటియందుండి, నీటికి తెలియక, నీటిని లోపలనుండి నియమించువాడని బృహదారణ్యకము అంతర్యామిని చెప్పినది. పిలుచువాని హృదయమునందును ఉన్నది ఆయనయే. దూరమును గూర్చిన సందేహము సీసాకు తగును, ఇచ్చట దానికి పని లేదు.

ఇచ్చట ఒక ఆక్షేపము రావచ్చును. శరణాగతికి అంగములు చెప్పుచు ఆచార్యులు మహావిశ్వాసమును విధించిరి గదా, సంశయించిన గజేంద్రుడు ఉదాహరణ మెట్లగును? సంశయాత్ముడు నశించునని గీతయే చెప్పినది గదా? దీనికి సమాధానము సుందరకాండములో దొరకును. ఇంద్రజిత్తు హనుమంతుని బ్రహ్మాస్త్రముతో బంధింపగా, రాక్షసులు అది చాలదనుకొని జనపనార త్రాళ్లు కూడ బిగించిరి. రెండవ కట్టు పడగానే అస్త్రము జాఱిపోయెను. ప్రపత్తియందు అవిశ్వాసమెట్టిదో చెప్పుటకు మన పూర్వాచార్యులు ఈ కథనే చూపిరి. గజేంద్రుని చేత రెండవ త్రాడు లేదు. తన సందేహమును అతడు మఱియొకరితో చెప్పుకొనలేదు, స్వామికే వినిపించెను. అర్జునుడును అంతే. యోగమునుండి జాఱినవాడు విడిపోయిన మబ్బుతునకవలె ఎటుగాక నశించునా యని గీత ఆఱవ అధ్యాయమున అడిగి, ఈ సంశయమును నీవే తీర్పవలెనని కృష్ణునే వేడెను. కృష్ణుడు అతనిపై కోపింపలేదు. (రైతు చేనికి మందు కొట్టుట రెండవ త్రాడు గదా యని భయపడనక్కఱలేదు. అది అతని స్వధర్మము.)

పంట పోయినది, అది ప్రత్యక్షము, దానిని కాదనరాదు. చరమశ్లోకమున భగవానుడు పాపములనుండి విడిపింతునని, శోకింపవలదని మాట యిచ్చెను గాని మిరపపంటకు పూచీ పడలేదు. అందుచేత కోరినది రాలేదనుట సత్యము, అందలేదనుటకు ప్రమాణము లేదు. ఈ రెంటి నడుమ ఆ రైతు నిలుచుట కష్టమే. అతడు మరల గుడికి వచ్చి, “విన్నావా లేదా” అని నిలదీసినను ప్రక్కవారు నోరు మూయింపరాదు. సిరికి చెప్పక, శంఖచక్రములు పట్టక, ఉన్నపాటున బయలుదేరిన శ్రీహరి, ఆ యేనుగు మొఱలో విశ్వాసమెంత, సందేహమెంత యని తూచి చూచినట్లు పోతన వ్రాయలేదు.