పట్టభద్రుని మైలురాళ్లు

పట్టము పుచ్చుకొని విశ్వవిద్యాలయపు వాకిలి దాటిన యువకుని లోకము మొట్టమొదట నడుగు ప్రశ్న యేది? నీవేమి నేర్చుకొంటివని కాదు, నీకెంత వచ్చుచున్నదని. ఈ ప్రశ్నను మేమును అడిగినవారమే. అడిగి సిగ్గుపడిన పిమ్మటనే యీ నాలుగు మాటలు వ్రాయబూనితిమి.

గడచిన వేసవిలో మా పాఠశాలయందు పూర్వవిద్యార్థులు కొందఱు కూడిరి. వారు ఆఱేడేండ్ల క్రిందట మాయొద్ద పదవ తరగతి చదివినవారు, ఇటీవలనే పట్టభద్రులైనవారు. ఒక్కొక్కరే లేచి తమ వృత్తాంతమును చెప్పుకొనిరి. ఒకడు హైదరాబాదులో సాఫ్టువేరు కొలువునందున్నాడు. ఒకడు అమెరికాలో పైచదువునకై బ్యాంకులో అప్పు తీసి వీసాకొఱకు ఎదురుచూచుచున్నాడు. ఒకడు కారు కొన్నాడు. ఒక యమ్మాయికి పెండ్లి కుదిరినది. ప్రతిమాటకును చప్పట్లు మ్రోగినవి. కడపటి వరుసలోని కుఱ్ఱవాడొకడు మాత్రము లేవలేదు. మేమే వానిని పేరుపెట్టి పిలిచి, "ఏమోయీ, నీకెంత జీతము?" అంటిమి. తండ్రికి పక్షవాతము వచ్చినదనియు, తాను ఇంటిపట్టుననే యున్నాననియు, సాయంకాలము పేటలోని పిల్లలకు లెక్కలు చెప్పుచున్నాననియు తలవంచుకొని చెప్పి వాడు కూర్చుండెను. ఎవరును చప్పట్లు కొట్టలేదు. మేమును ఏమనుటకును తోచక మఱియొకని పిలిచితిమి.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. వాడు తలవంచుకొనవలసినంత తప్పేమి చేసెను? రోగియైన తండ్రిని విడువలేదు. నేర్చిన విద్యను నలుగురికి పంచుచున్నాడు. సభలో తల యెత్తి నిలువదగినవాడు తల వంచుకొనెనన్న, ఆ దోషము వానిది కాదు, మేము చేతబట్టుకొన్న కొలకఱ్ఱది.

ఇరువదిరెండేండ్లకు పట్టము, వెంటనే కొలువు, ఇరువదియాఱింట పెండ్లి, ముప్పదికి సొంతయిల్లు: ఇట్లు బ్రదుకుబాట పొడవునను రాళ్లు పాతి, ఎవడే రాతికడ నున్నాడోయని చూచుట మనకు వాడుకయైపోయినది. మైలురాయి మంచిదే. కాని యది చెప్పునది దూరమును మాత్రమే. కాశికి పోవువానికి చెన్నపట్టణమింత దూరమను రాయి యెన్నిమాఱులు కనబడినను ప్రయోజనమేమి? ఏ యూరికి పోవలయునో యెఱిగినవానికే రాయి తోడ్పడును.

పూర్వము గురుకులమున చదువు ముగించినవానికి సమావర్తనము జరుగుచుండెను. స్నానము చేసి వెలువడిన యా విద్యార్థిని స్నాతకుడనిరి. నేటి విశ్వవిద్యాలయముల స్నాతకోత్సవమునకు పేరు అటనుండియే వచ్చినది. తైత్తిరీయోపనిషత్తు శిక్షావల్లిలో, ఇల్లు చేరబోవు శిష్యునకు గురువు చేసిన హితోపదేశమున్నది. సత్యమును, ధర్మమును, స్వాధ్యాయమును విడువవలదనియు, తల్లిని, తండ్రిని, ఆచార్యుని, అతిథిని దైవములుగా నెంచుమనియు, ఇచ్చునది శ్రద్ధతోను వినయముతోను ఇమ్మనియు అందలి బోధ. అభ్యుదయమును ఏమఱవలదనియు నా గురువే చెప్పెను. సంపాదింపవలదని చెప్పినవాడు కాడు. సంపాదనను దాని చోట నుంచినవాడు.

ఇచ్చట నొక యాక్షేపణ రాగలదు. పొలము తాకట్టుపెట్టి కొడుకును చదివించిన తండ్రి జీతమెంతయని యడుగుట తప్పా? అప్పుల వాండ్రు వాకిట నిలిచియుండగా ఉపనిషత్తులు కూడు పెట్టునా? న్యాయమైన ప్రశ్నయే. జీతమునకే బ్రదుకుచున్న ఉపాధ్యాయులము మేము. ధనమును నిందించుట మాకు తగదు. మా మాట యొక్కటే. మనమెంచు రాళ్లన్నియు ఆ యువకుడు పొందినవే: పొందిన కొలువు, పొందిన యిల్లు, పొందిన వాహనము. అతడిచ్చినదానికి గుర్తుగా ఒక్క రాయియు లేదు. జమ మాత్రము వ్రాసి ఖర్చు వ్రాయని చిట్టాను ఏ కోమటియు లెక్క యనడు. అట్టి చిట్టాతో మనము మనుష్యులను తూచుచున్నాము.

ఇట్లు తూచుటవలన కలిగిన కీడు మన యిండ్లలోనే యున్నది. కాళ్లకూరి నారాయణరావుగారు "వరవిక్రయము" వ్రాసిననాడు పెండ్లికొడుకు చదువు వాని వెలను పెంచుచుండెను. 1961వ సంవత్సరమున వరకట్నమును నిషేధించు చట్టము వచ్చినది. అయినను కొలువు పెద్దదైనకొలది కట్నము పెరుగుట నేటికిని ఆగలేదు. ఇక ఆడపిల్ల సంగతి. పెండ్లి కుదిరినదన్న యమ్మాయి భౌతికశాస్త్రమున పట్టము పొందినది. ఆ చదువేమి కానున్నదని సభలో నొక్కరైన నడుగలేదు; మేమును అడుగలేదు. మగవానికి పెండ్లి యొక మైలురాయి. ఆడుదానికి అదియే పొలిమేర యని మనమనుకొనుచున్నంతకాలము, ఆమె చేతి పట్టము గోడకు తగిలించు పటమే యగును.

ఇంకొక కీడు తొందర. గిడుగు వెంకట రామమూర్తిగారు 1863వ సంవత్సరమున జన్మించిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండియే చదువుకొని, 1896లో, ముప్పదిమూడవ యేట బి.ఏ. పట్టమందిరి. సవరల భాషను వారినుండియే నేర్చి, సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పవలెనని పాటుపడిరి. ఆ భాషకు వారు వ్రాసిన వ్యాకరణము 1931లోను, నిఘంటువు 1938లోను వెలువడినవి. మేము వ్రాయుచున్న యీ గ్రాంథికమును వారు మెచ్చకపోయినను మేము వారిని మెచ్చక తప్పదు. ఇరువదియైదవ యేట వారి రాళ్ల నెంచినవానికి పట్టము సైతము కనబడియుండదు. అయితే ఆలసించినవారందఱును గొప్పవారగుదురని మేమనము. ఆ గ్రంథములు అచ్చుకాకపోయినను, ఒక సవర బాలునికి వాని మాటలో నక్షరము నేర్పిన దినము వ్యర్థము కాదనియే మా భావము. కీర్తి వచ్చినది గనుక ఆ పని మంచిది కాలేదు.

కావున చదువరులారా, మీ యింటికి పట్టభద్రుడు వచ్చినపుడు జీతమడుగవలదని మేము కోరము. దానితో నాపవలదని కోరుచున్నాము. ఈ యేడాది క్రొత్తగా నేమి నేర్చితివి, ఎవరికి పనికివచ్చితివి, అని మఱి రెండు ప్రశ్నలడుగుడు. కొడుకు నడిగినట్లే కూతు నడుగుడు.

మఱునాడు మేము ఆ కుఱ్ఱవాని యింటికి పోయితిమి. ఎందఱు పిల్లలు వచ్చుచున్నారని యడుగగా పదునలుగురనెను. భిన్నములు రాక యేడ్చిన పిల్ల యొకతె, రొట్టె తుంచి చూపగానే నవ్వినదని చెప్పుచు, ముందునాడు నోరు మెదపనివాడు గడియసేపు మాటలాడెను. మేము లేవబోవుచుండగా, తాను ఉద్యోగమునకును ప్రయత్నించుచున్నాననియు, మందులకు డబ్బు చాలుటలేదనియు మెల్లగా చెప్పెను. ఆ మాటకు మా వేదాంత మక్కఱకు రాదు. తెలిసినవారికి వానిని గూర్చి యుత్తరములు వ్రాసితిమి. వానికి కొలువు దొరకవలెనని కోరుచున్నాము. దొరకిననాడు చప్పట్లు కొట్టుదుము. కాని మొదటి చప్పట్లు ఆ పదునలుగురు పిల్లలకొఱకు కొట్టవలసియుండెను. అవి మేము బాకీపడినవి.