శబరి చూపించిన వనం: ఊరికి వచ్చిన అతిథికి మనం ఏమివ్వాలి?



ఈ వారం వీడియోలో శబరి గురించి మాట్లాడుకున్నాం కదా. పదిహేను నిమిషాల్లో చెప్పలేకపోయిన ముఖ్యమైన విషయం ఒకటి మిగిలిపోయింది. దాన్ని ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

శబరి అనగానే మనకి గుర్తొచ్చేది పళ్ళు. ఒక్కో పండూ కొరికి, తియ్యగా ఉన్నదే రాముడికి పెట్టిందని చిన్నప్పటి నుంచి వింటున్నాం. ఎంగిలి పళ్ళ ముచ్చట తర్వాతి భక్తి సంప్రదాయంలో వచ్చింది, వాల్మీకి రామాయణంలో లేదు. అక్కడ శబరి పంపా తీరంలో దొరికే రకరకాల అడవి పళ్ళూ దుంపలూ రాముడి కోసం సేకరించి ఉంచిందని మాత్రమే ఉంటుంది. ఆ తర్వాత వచ్చే ఘట్టాన్ని మాత్రం మనం పెద్దగా పట్టించుకోం. నాకైతే అసలు విషయం అక్కడే ఉందనిపిస్తుంది.

అరణ్యకాండ చివర్లో రాముడు అడుగుతాడు: మీ గురువుల మహిమ గురించి కబంధుడు చెప్పగా విన్నాను, నీకు సమ్మతమైతే అది కళ్ళారా చూడాలని ఉంది, అని. అప్పుడు శబరి లేచి మతంగ వనం అంతా తిప్పి చూపిస్తుంది. మబ్బులా కమ్ముకున్న ఆ అడవి, గురువులు హోమం చేసిన చోటు, అలసటతో చేతులు వణుకుతున్నా వాళ్ళు పూలు సమర్పించిన వేదిక. ఉపవాసాలతో నడవలేకపోతే, వాళ్ళు తలచుకోగానే ఏడు సముద్రాల నీళ్ళూ వచ్చి చేరిన తీర్థం. స్నానం చేసి చెట్ల మీద ఆరేసిన నారబట్టలు ఇంకా తడి ఆరలేదు. దేవుడికి పెట్టిన పూలు ఇంకా వాడలేదు. ఒక్కొక్కటీ చూపించి, ఇది ఇదీ అని చెప్పింది.

అంటే ఏంటి? తెలియని ఊరికి వచ్చిన ఇద్దరు బాటసారులకి, ఆ ఊరి ముసలావిడ ఒకావిడ, పైసా తీసుకోకుండా, ఏ మ్యాప్‌లోనూ లేని చోట్లు తిప్పి చూపించింది. ఈ రోజుల్లో దీన్ని ‘లోకల్ టూర్’ అంటాం.

అతిథికి లేనిది ఏమిటి?

ధర్మశాస్త్రాలు గృహస్థుడికి రోజూ చేయాల్సిన పంచ మహాయజ్ఞాలు చెప్పాయి. వాటిలో మనుష్య యజ్ఞం అంటే అతిథి పూజ. తైత్తిరీయ ఉపనిషత్తు శీక్షావల్లిలో గురువు చదువు పూర్తయిన శిష్యుడిని పంపిస్తూ తల్లినీ, తండ్రినీ, ఆచార్యుడినీ, అతిథినీ దేవుడిలా చూడమంటాడు. ఇదంతా మనకి తెలిసిందే. కానీ ఆతిథ్యం అనగానే మన బుర్ర అన్నం దగ్గర ఆగిపోతుంది.

నాకు అర్థమైనంతలో ఆతిథ్యం అంటే, వచ్చినవాడికి ఏది లేదో అది ఇవ్వడం. ఒకప్పుడు దారిలో తిండి దొరికేది కాదు, నీళ్ళు దొరికేవి కావు, పడుకోడానికి చోటు ఉండేది కాదు. ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830–31లో మద్రాసు నుంచి కాశీకి వెళ్ళి వచ్చారు. ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ 1838లో అచ్చయింది. అందులో ఏ ఊళ్ళో నీళ్ళు బాగుంటాయి, ఎక్కడ అంగళ్ళు ఉన్నాయి, ఎక్కడ దిగొచ్చు అని ఓపిగ్గా రాసుకుంటూ పోయారు. వెనక వచ్చేవాళ్ళు ఇబ్బంది పడకూడదని. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, ఆయన కాశీ దారికి డాక్యుమెంటేషన్ రాసిపెట్టారు!

ఇప్పుడు ఆ లోటు లేదు. గుంటూరులో రైలు దిగినవాడికి ఫోన్ నొక్కితే రూమ్ దొరుకుతుంది, బిర్యానీ వస్తుంది, కారు వస్తుంది. మరి వాడికి లేనిది ఏంటి? ఆ ఊరిని ఎరిగిన మనిషి. ఈ రాయి ఏంటో, ఈ కోనేరు ఎవరు తవ్వించారో, ఈ అమ్మవారికి ఈ నైవేద్యమే ఎందుకో చెప్పే మనిషి. మ్యాప్ గుడి గేటు దాకా తీసుకెళ్తుంది. గేటు దాటాక అది పని చెయ్యదు.

కాబట్టి ఈ కాలం అతిథికి అన్నం కన్నా ఎక్కువ అవసరమైన దానం, మన అరపూట.

మా వైపు ఏముందని చూపించాలి?

మాది ప్రత్తిపాడు. గుంటూరు నుంచి పర్చూరు వెళ్ళే దారిలో. పేరులోనే ప్రత్తి ఉంది. నల్లరేగడి నేల, పత్తి, మిరప. ‘మీ ఊళ్ళో చూడ్డానికి ఏముంది?’ అని ఆఫీసులో ఎవరైనా అడిగితే, మా వైపు వాళ్ళలో చాలామంది చెప్పే జవాబు ఒక్కటే: ‘ఏం లేదండీ, ఎండ, మిరపకాయలు!’

నిజంగా ఏం లేదా? గుంటూరు నుంచి పొన్నూరు వెళ్ళే దారిలో చేబ్రోలు ఉంది. బ్రహ్మదేవుడికి గుళ్ళు ఎంత అరుదో మీకు తెలుసు. అక్కడ కోనేరు మధ్యలో చతుర్ముఖ బ్రహ్మ ఆలయం ఉంది, వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు గారు కట్టించింది. ఆయన అమరావతి జమీందారు, 1816లో కాలం చేశారు. అదే ఊళ్ళో భీమేశ్వరాలయం ఉంది. దాన్ని బాగుచేస్తున్న సమయంలో బయటపడిన ఒక శాసనం గురించి 2019లో భారత పురావస్తు సర్వే ప్రకటించింది. శాతవాహన రాజు విజయుడి కాలంనాటిది, క్రీ.శ. 207. దక్షిణ భారతంలో ఇప్పటిదాకా దొరికిన సంస్కృత శాసనాల్లో అదే పాతదని అప్పుడు చెప్పారు. అందులో ఉన్నదేమిటి? కార్తికుడు అనే ఆయన అమ్మవారి గుడి దగ్గర ప్రాసాదం, మండపం కట్టించి విగ్రహాలు ప్రతిష్ఠించిన సంగతి. పద్దెనిమిది వందల ఏళ్ళ క్రితం కూడా మన జిల్లాలో ఒకాయన అమ్మవారికి మండపం కట్టించి పేరు రాయించుకున్నాడన్నమాట. ఇప్పుడు ఫ్యాన్ల మీద దాతల పేర్లు రాయించుకోవడం కొత్తేమీ కాదు!

కొంచెం అటు వెళ్తే నరసరావుపేట దగ్గర కోటప్పకొండ. త్రికూటేశ్వరుడు. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ప్రభలు కట్టుకుని వస్తారు. అది మిరప కోతల కాలం కూడా. కళ్ళాల్లో మిరపకాయలు ఎర్ర తివాచీ పరిచినట్టు ఆరబోసి ఉంటాయి. దగ్గరికి వెళ్తే తుమ్ములు ఆగవు. పొద్దున్నుంచీ ఆ ఘాటులో కూర్చుని తాలుకాయలు ఏరే అమ్మలు, సాయంత్రం స్నానం చేసి ప్రభ దగ్గరికి వచ్చి కొబ్బరికాయ కొడతారు. ఇవి రెండూ ఒకే రోజు చూసినవాడికి కోటప్పకొండ తిరునాళ్ళ అర్థమవుతుంది. కొండ మీద సెల్ఫీ దిగి వెళ్ళిపోయినవాడికి కాదు.

శబరి దగ్గర నేర్చుకోవాల్సినవి

మొదటిది, ఆవిడ తన గురించి చెప్పలేదు. అన్నేళ్ళు సేవ చేసింది, ఎదురుచూసింది. ఆ కష్టం చెప్పుకోవచ్చు. కానీ మా గురువులు ఇక్కడ ఇలా చేశారు అనే చెప్పింది. ఊరు చూపించేటప్పుడు మనం తెర వెనక ఉండాలి.

రెండోది, అడిగాక చూపించింది. ముందు కాళ్ళకీ చేతులకీ నీళ్ళిచ్చి, పూజించి, ఉన్నది పెట్టింది. రాముడు ‘నీకు సమ్మతమైతే’ అన్నాకే బయల్దేరింది. చూడండి, ఆయన కూడా అనుమతి అడిగాడు. చూసేవాడికీ చూపించేవాడికీ ఇద్దరికీ మర్యాద ఉంది. మిరప కళ్ళంలో పనిచేసే వాళ్ళ ముఖం మీద కెమెరా పెట్టే ముందు ‘అమ్మా, తీసుకోనా?’ అని అడగాలి. గుడిలో అర్చకస్వామిని అడగాలి. ఆ మర్యాద మనం చూపిస్తే, వెనక ఉన్న అతిథికి అలవాటవుతుంది.

మూడోది భరద్వాజ మహర్షి దగ్గర ఉంది. చిత్రకూటానికి దారి చెబుతూ, యమున ఎక్కడ దాటాలో, దారిలో ఏ మర్రిచెట్టుకి సీతమ్మ నమస్కరించాలో చెప్పి, ఆ దారిన నేను చాలాసార్లు వెళ్ళాను అంటాడు. తను నడిచిన దారి గురించే చెప్పాడు. మనకి తెలిసింది తెలిసినంతే చెప్పాలి. తెలియకపోతే ‘తెలియదండీ, పూజారి గారిని అడుగుదాం’ అనాలి. లేని మహిమలు అల్లి చెప్తే దేవుడికి పేరు రాదు, ఊరికి చెడ్డపేరు వస్తుంది.

నాలుగోది, ఆవిడ ఏమీ తీసుకోలేదు. ఈ మాట నాకు బాగా అర్థమైంది చేబ్రోలులోనే. కిందటి కార్తీకంలో షూటింగ్‌కి వెళ్ళినప్పుడు అక్కడి పెద్దాయన ఒకాయన టీ తాగుతున్నవాడల్లా లేచి వచ్చి, గంటన్నర మాతో తిరిగాడు. కోనేటి గట్టు చుట్టూ నడిపించి, బ్రహ్మదేవుడి నాలుగు ముఖాలూ ఎటు నిలబడితే ఎలా కనపడతాయో చెప్పాడు. వస్తూ వస్తూ మా కెమెరా కుర్రాడు జేబులో చెయ్యి పెడితే ఆయన నవ్వాడు. ‘వద్దు బాబూ. ఇయ్యాల తీసుకుంటే, రేపట్నుంచి వచ్చినోళ్ళ చేతులెంక చూస్తా. అప్పుడు నాకే గుడి కనపడదు’ అన్నాడు. నిష్కామ కర్మ గురించి నేను చాలా ఉపన్యాసాలు విన్నాను. ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

ఇలాంటిది ప్రపంచంలో వేరే చోట్ల కూడా ఉంది. 1992లో న్యూయార్క్‌లో లిన్ బ్రూక్స్ అనే ఆవిడ ‘బిగ్ యాపిల్ గ్రీటర్’ మొదలుపెట్టారు. తమ నగరం అంటే బయటివాళ్ళకి ఉన్న భయం పోగొట్టాలని, అక్కడి మామూలు జనమే వచ్చినవాళ్ళకి తమ పేటలు ఉచితంగా తిప్పి చూపిస్తారు. టిప్ కూడా తీసుకోరు. అది చూసి చాలా దేశాల్లో గ్రీటర్లు తయారయ్యారు. వాళ్ళకి శబరి తెలియకపోవచ్చు. కానీ చేసిన పని ఆవిడదే.

కొన్ని సందేహాలు

‘మరి గైడ్ల పొట్ట కొట్టినట్టు కాదా?’ అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. అమరావతిలోనో ఇంకెక్కడో చదువుకుని, కష్టపడి చెప్పే గైడ్‌కి డబ్బులివ్వాలి, బేరమాడకుండా ఇవ్వాలి. అది వాళ్ళ వృత్తి, అందులో తప్పు లేదు. మనం వెళ్ళాల్సింది గైడ్లు లేని చోటికి. ప్రత్తిపాడులాంటి ఊళ్ళకి ఏ గైడూ రాడు.

‘ముక్కూమొహం తెలియనివాళ్ళతో ఎలా?’ అది కూడా నిజమే. ఒక్కరే వెళ్ళకండి, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి. పగటిపూటే, నలుగురూ తిరిగే చోటే. ఇంట్లో చెప్పి వెళ్ళండి. చెల్లెళ్ళకి మరీ మరీ చెబుతున్నాను. ధర్మం చేయడానికి జాగ్రత్త అడ్డం కాదు.

‘వచ్చినవాళ్ళు మనవాళ్ళు కాకపోతే?’ అతిథి అంటే తిథి చూసుకుని రానివాడని పెద్దలు చెబుతారు. తిథే చూడనివాడి కులగోత్రాలు మనం ఎందుకు చూడాలి? శబరి ఎవరు, రాముడు ఎవరు! ఆ అడవిలో వాళ్ళిద్దరి మధ్యా అడ్డొచ్చింది ఏదీ లేదు.

ఎందుకు ఇప్పుడే?

శబరి కథలో నన్ను కదిలించేది ఆ చివరి భాగం. రాముడు చిత్రకూటానికి వచ్చేసరికే ఆవిడ గురువులు దివ్యలోకాలకి వెళ్ళిపోయారు. ఆ వనంలో ఏ వేదిక ఎవరిదో తెలిసి, వచ్చినవాడికి చెప్పడానికి మిగిలింది ఆవిడ ఒక్కతే. చూడాల్సింది చూశావు, వినాల్సింది విన్నావు అని రాముడితో చెప్పి, అప్పుడు సెలవు తీసుకుంది. రాముడు అడగకపోయినా, ఆవిడ చెప్పకపోయినా, ఆ వేదిక అడవిలో ఇంకో రాయిగా మిగిలిపోయేది.

మన ఊళ్ళల్లో ఇప్పుడు అదే పరిస్థితి. పొలిమేర దగ్గర పోతురాజు రాయి ఎవరు పెట్టారు, ఊరి ప్రభ మొదట ఎవరింటి ముందు ఆగుతుంది, పాత కోనేటిలోకి నీళ్ళు ఎటు నుంచి వచ్చేవి, ఇవి తెలిసింది డెబ్భై, ఎనభై దాటినవాళ్ళకి. పిల్లలమంతా హైదరాబాదులోనూ బెంగళూరులోనూ ఉన్నాం. గుడికి రంగులు వేయించడానికి వాట్సాప్ గ్రూపులో చందాలు పంపిస్తున్నాం, అది మంచిదే. కానీ రంగు వెలిస్తే మళ్ళీ వేయించొచ్చు. తాతయ్యతో పోయిన మాటని ఏ చందాతో తెస్తాం?

ఊరు చూపిస్తానని ఒక్కసారి ఒప్పుకుని చూడండి. అతిథి అడిగే మొదటి ప్రశ్నకే మీకు జవాబు తెలియదు. అప్పుడు వెళ్ళి నానమ్మని అడుగుతారు. ఆవిడ చెప్పడం మొదలుపెడుతుంది. అతిథికి చేశామనుకున్న ఉపకారం, తిరిగి మన ఇంటికే వస్తుంది.

అందుకని ఈ నెలకి ఒక చిన్న సంకల్పం. సంక్రాంతికో శివరాత్రికో, ఊరెళ్ళినప్పుడు ముందు ఒక పెద్దావిడ దగ్గరో పెద్దాయన దగ్గరో గంట కూర్చోండి. మూడు చోట్ల గురించి అడిగి రాసుకోండి. తర్వాత ఆఫీసులోని వేరే రాష్ట్రం స్నేహితుడినో, గుడి దగ్గర దిక్కులు చూస్తున్న యాత్రికుడినో ఆ మూడు చోట్లకీ తీసుకెళ్ళండి. మంచినీళ్ళివ్వండి, తెలిసింది చెప్పండి, జేబులో చెయ్యి పెడితే వద్దనండి. ఆ పూట మీరు చేసింది మనుష్య యజ్ఞమే.

ఆ త్రికూటేశ్వరుడి దయ అందరి మీదా ఉండాలని కోరుకుంటూ, వచ్చే వారం పంపా తీరంలో హనుమంతుడి మొదటి మాటల దగ్గర కలుద్దాం.

జై శ్రీరామ్.