పట్టు జారినా పట్టుకునేది

ఇంగ్లండ్‌లోని టివిడేల్ గుడిలో బాలాజీ దర్శనం చేసుకుని వచ్చి రాత్రి ఆపిన మా డీజిల్ మోటార్‌హోమ్ పొద్దున కదల్లేదు. 8 బార్ దగ్గర వదిలిన గాలి గేజి 3కి దిగిపోయింది. చక్రాలకు చెక్కలు అడ్డుపెట్టి, ఇంజను నడిపి గాలి నింపి, ఆపేసి చెవి ఒగ్గాను. వెనక ఇరుసు దగ్గర సన్నని బుస. సబ్బునీళ్లు పూస్తే ఒక గొట్టం అతుకు దగ్గర బుడగలు పొంగాయి. లోపలి రబ్బరు రింగు బీటలు వారింది.

గాలి పోతే బ్రేకు పోతుందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. వెనక చక్రాల దగ్గర జరిగేది అందుకు తలకిందులు. బిగించి పట్టేది ఉక్కు స్ప్రింగు. గాలి దాన్ని వెనక్కి నెట్టి ఉంచితేనే బండి కదులుతుంది.

శ్రీవైష్ణవుల పాత వాదం గుర్తొచ్చింది. కోతిపిల్ల తల్లిని కరుచుకున్నట్టు జీవుడే దేవుణ్ణి పట్టుకోవాలా? పిల్లి తన కూనను నోట పట్టుకుపోయినట్టు దేవుడే జీవుణ్ణి పట్టుకుంటాడా? దానితో పాటే ఒక రైలు ప్రమాదమూ గుర్తొచ్చింది. 1889 జూన్ 12న ఐర్లండ్‌లో ఆర్మా దగ్గర విహారయాత్ర రైలును ఎత్తు మీద రెండుగా విడదీశారు. ఇంజనుతో లంకె తెగగానే వాక్యూమ్ బ్రేకు చచ్చిపోయింది. వెనక పెట్టెలు వాలులో జారి మరో రైలును గుద్దాయి. 80 మంది పోయారు, అందులో ఎందరో పిల్లలు. లంకె తెగితే తనంతట తానే పట్టే బ్రేకును ఆ ఏడాదే పార్లమెంటు ప్రయాణికుల రైళ్లకు తప్పనిసరి చేసింది.

రక్షణంతా మన పట్టు మీదే ఉంటే, పట్టు జారిన పసివాడి గతేమిటి? అందుకే నేను ఆ పిల్లి పోలికను, అంటే మార్జాల న్యాయాన్ని, చెప్పిన తెంగలై శ్రీవైష్ణవుల పక్షం. అలాగని రింగు మార్చకుండా బండి తీయలేదు. మర్నాడు పొద్దున గేజి 8 దగ్గరే ఉంది.