వట్టి చేతులతో వచ్చినవాళ్ళు

మొన్న మా అమ్మాయి జిల్లా షటిల్ పోటీలకు వెళ్ళి వట్టి చేతులతో తిరిగొచ్చింది. గుమ్మంలో చెప్పులు ఇంకా విడవనేలేదు, "ఎన్నో ప్లేసే?" అని అడిగేశాను. అన్నం తిన్నావా అని కాదు సుమండీ, ఎన్నో ప్లేసని! "ప్లేసేం లేదమ్మా" అని అది లోపలికెళ్ళి పడుకుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ ప్లేసుల పిచ్చి నాకొక్కదానికేనా అంటే, లోకానికంతటికీ ఉంది. ఒలింపిక్స్ వస్తే చాలు, ఏ దేశానికెన్ని పతకాలో పట్టిక వేసేస్తారు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో అమెరికాకు 40 స్వర్ణాలు, చైనాకూ 40 స్వర్ణాలే. మరి మొదటి స్థానం అమెరికాకెలా దక్కింది? దానికి రజతాలు 44, చైనాకు 27. "రజతమేనా!" అని మనం పెదవి విరిచే పతకమే చివరికి ఆ తగువు తీర్చింది. మన దేశానికి వచ్చినవి 6 పతకాలు, 71వ స్థానం.

పట్టిక అబద్ధం చెప్పదు, నిజమే. అయితే ఉన్నదంతా కూడా చెప్పదు. మన అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ సంగతే చూడండి. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో చిరాగ్ శెట్టితో కలిసి తైవాన్ జంటను ఓడించాడు. చివరి గేము 27-25! గ్రూపులో మూడు మ్యాచ్‌లకు రెండు గెలిచారు. మరో రెండు జంటలు కూడా రెండేసి గెలవడంతో, గేముల లెక్కలో వెనకబడి క్వార్టర్ ఫైనల్స్ దాకా కూడా వెళ్ళలేకపోయారు. వీళ్ళ చేతిలో ఓడిన ఆ తైవాన్ జంటేమో స్వర్ణం పట్టుకెళ్ళింది! 2023లో ఆసియా క్రీడల స్వర్ణం, ప్రపంచ నంబర్ వన్ ర్యాంకు వచ్చాక మనమంతా చప్పట్లు కొట్టాం. ఆ 27-25 నాడు కొట్టినవాళ్ళెందరు?

శ్రీకాకుళం ఆడపడుచు కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తింది. ఆమెకన్నా ముందున్న ఇద్దరూ ఎత్తింది 242.5. ఆ రెండున్నర కిలోలు మన వంటింట్లో పప్పు డబ్బా పాటి బరువు. ఆ ఏడు దేశం మొత్తానికి దక్కిన ఒకే ఒక్క పతకం ఆమె కాంస్యమే.

అలాగని గెలుపూ ఓటమీ ఒకటేనని మెట్టవేదాంతం చెప్పబోవడం లేదు. గెలవాలన్న పట్టుదల లేకపోతే ఆ 27-25 దాకా ఎవరు నిలబడతారు? ఎవరు గెలిచారని అడగడం తప్పు కాదు. ఇంట్లో అడుగు పెట్టిన పిల్లను మొదట అడగవలసింది అదేనా అన్నదే నా బాధ.

పొద్దున్న లేచేసరికి మా అత్తగారు పూతరేకులు చుడుతున్నారు. మా ఆత్రేయపురంలో ఇది ఇంటింటా ఉన్న పనే. చిరిగిన రేకులు ఓ పక్కన పెట్టి ఉన్నాయి.

"ఇవి పనికిరావా అత్తయ్యా?"

"చిరిగితే రేకు కాకుండా పోతుందటమ్మా? లోపల వేసి చుడతాం. రుచి అదే కదా" అన్నారావిడ, చెయ్యి ఆపకుండా.

అమ్మాయి లేచి వచ్చింది. పళ్ళెంలో ఒక పూతరేకు పెట్టి, "నిన్న ఎలా ఆడావే?" అని అడిగాను. అది ఓ గంటసేపు చెప్పింది. ఓడిన మ్యాచ్‌లోనే ఒక గేము 21-19తో గెలిచిందట. నిన్న చెప్పలేదేమే అన్నాను.

"నువ్వడగలేదుగా అమ్మా!"